జొన్నకంకి ఫైలుకు తేదీ మార్చిన రోజు

ఇది ఇంతకుముందే రాయవచ్చు కదా అని మా వాళ్ళు అడుగుతుంటారు. రాయలేదు. కారణం పెద్దదేమీ కాదు, అప్పటికి నాకు రాయడం రాదు. నలభై ఐదేళ్ళు నిండేదాకా నేను రాసిందల్లా నూలు మీద బొగ్గుతో పెట్టిన గీతలే. ఆ తర్వాత అక్షరాలు వచ్చాయి గాని, అక్షరాలు వచ్చినంత మాత్రాన వాక్యం రాదు, కండెలు నిండినంత మాత్రాన చీర రానట్టు. వాక్యం పొడుగ్గా, మధ్యలో తెగకుండా సాగడానికి నాకు ఇంకో ఐదారేళ్ళు పట్టింది. కాబట్టి ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, అక్షరాల లెక్కన నా వయసు ఏడాదిన్నర. ఏడాదిన్నర పిల్లలు ఏం చేస్తారు? కనబడ్డదల్లా నోట్లో పెట్టుకుంటారు. నేను కనబడ్డదల్లా చదివేదాన్ని. సబ్బు కాగితం, ఆటో వెనక రాసిన నీతివాక్యం, పురుగుల మందు డబ్బా మీది హెచ్చరిక, ఒకసారి అయితే దవాఖానలో పక్క మంచం మీది ఆడమనిషి చీటీ కూడా చదివి ఆమెతో తిట్లు తిన్నాను. అందుకే నడివయసులో జరిగిన సంగతిని చిన్ననాటి ముచ్చట అంటున్నానని తప్పు పట్టకండి. నాకు అదే చిన్నతనం.

మాది రామన్నపేట నుంచి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఊరు. ఊరంతా మగ్గాలే. మా చీరల మీద పువ్వూ కాయా నేసేటప్పుడు పుట్టవు, రంగు వేసేటప్పుడే పుడతాయి. దారంలో ఎక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టి, తర్వాత రంగులో ముంచుతాం. దాన్ని చిటికి కట్టడం అంటాం. ఎక్కడ కట్టాలో గళ్ళ కాగితం చెబుతుంది. మూడు నల్ల గళ్ళు, రెండు తెల్ల గళ్ళు, మళ్ళీ ఒక నల్ల గడి, ఇట్లా. నల్ల గడి ఉన్నచోట కట్టాలి, తెల్ల గడి వదిలెయ్యాలి. ఇంట్లో నేను చిటికి కట్టేదాన్ని, మా ఆయన నేసేవాడు. పొద్దున పూట మాత్రం నేత సంఘం ఆఫీసులో ఊడ్చి, కుండ నింపి, చాయ పెట్టే పని ఒకటి ఉండేది. నాకు అక్షరాలు నేర్పింది మా చెల్లె బిడ్డ. డిగ్రీ దాకా చదువుకొని, ఎప్పుడు చూసినా గళ్ళు నింపుకుంటూ కూర్చునేది గనుక ఊళ్ళో దాన్ని గళ్ళపిల్ల అనేవాళ్ళు. "ఇంత కష్టమైన కాగితం సదువుతున్నవ్, నీకు సదువు రాదని ఎవలన్నరు పెద్దమ్మా?" అని ఆ గళ్ళలోనే 'అ' వేసి చూపించింది. (అందుకే నా అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా రావు. మూలలు తేలి ఉంటాయి. 'ఠ' అయితే అచ్చం చిన్న కిటికీ.)

ఆ ఏడే సంఘానికి కంప్యూటర్ వచ్చింది. సంఘం అధ్యక్షుడు నాకు వరుసకు మామ. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకునేవాడు గనుక అందరికీ అద్దాల మామ. ఆయన కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టి, తెర నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు. మా పిల్ల ఆయన అటు తిరగగానే తుడిచేసింది, ఆయన ఇటు తిరగగానే మళ్ళీ పెట్టాడు. దుమ్ము పడకుండా దానికి జరీ అంచుతో ఒక గుడ్డ కూడా నేసి కప్పాం. (ఊళ్ళో చాలామంది కోడళ్ళకు అంత మంచి అంచు దొరకలేదు.) ఆ గదికి మామ ఒక పద్ధతి పెట్టాడు. ఎవరు కంప్యూటర్ ముట్టుకున్నా గోడ మేకుకు వేలాడే నోటుబుక్కులో తేదీ, పేరు, చేసిన పని రాయాలి. మాకు ఆదివారం సెలవు కూడా ఉండేది కాదు గనుక నోటుబుక్కు గబగబా నిండుతుండేది.

ఇంతలో జిల్లా నుంచి ఒక కబురు వచ్చింది. చిటికి డిజైన్లకు పోటీ పెడుతున్నారు, గెలిచిన వాళ్ళకు డిజైన్ చదువులో సీటు ఇస్తారు. మా పిల్ల ప్రాణమంతా ఆ సీటు మీదే. అది జొన్నకంకి డిజైన్ వేసింది. నెమళ్ళూ ఏనుగులూ చూసి చూసి విసిగిన కళ్ళకు, మా చెలకల్లో నిలబడ్డ కంకిని తెచ్చి కొంగు మీద పెట్టినట్టు ఉంది. కబురు తెచ్చిన సారు ఒక మాట గట్టిగా చెప్పి పోయాడు: "పదో తేదీ లోపల పూర్తి కావాలె. నేను పద్నాలుగున వస్త. కాగితం మీద మీరు ఏ తేదీ వేసుకున్నా నమ్మ. కంప్యూటర్ల ఫైలు మీద ఏ తేదీ ఉంటే అదే తేదీ."

పదమూడో తేదీ పొద్దున మా పిల్ల తల్లితో కలిసి గుట్టకు పోయింది, నరసింహస్వామికి మొక్కుకోవడానికి. గది ఊడ్చే వంతు నాది, గదిలో నేను ఒక్కదాన్నే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కంకి డిజైన్ కాగితం మీద అచ్చు తీసి నాకిచ్చింది మా పిల్ల, నమూనాకు చిటికి కట్టమని. కడుతుంటే కంకి తోక దగ్గర ఒక గింజ తక్కువైనట్టు అనిపించింది. చదువుకున్న పిల్లకు నేనేం చెబుతాను అని ఊరుకొని, దారం మీద మాత్రం నా చేతికి తోచినట్టు ఆ గింజ కట్టేశాను. అప్పటి నుంచి ఒకటే దురద. తప్పు కాగితం మీదనే పడిందా, కంప్యూటర్ కడుపులోనే ఉందా? కాగితం మీద పడితే సిరా తప్పు. కడుపులో ఉంటే పిల్ల తప్పు. ఏదో ఒకటి తెలుసుకుంటే పోతుంది కదా, ముట్టుకుంటానా ఏమన్నా, చూస్తాను అంతే.

జరీ అంచు గుడ్డ తీశాను. మీట నొక్కాను. తెర మీద వరసగా పేర్లు వచ్చాయి, వాటిలో తెలుగులో 'జొన్నకంకి' అని ఒకటి. కూడబలుక్కొని చదివేసరికి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఒళ్ళు జల్లుమంది. రెండుసార్లు టకటక కొడితే తెరుచుకుంది. కంకి పెద్దగా, గది గోడంత కనబడ్డది. తోక దగ్గర చూశాను. గింజ లేదు! కడుపులోనే తప్పు. ఆ ఖాళీ గడి నన్ను చూసి పన్ను ఊడిన నోరులాగా నవ్వుతోంది. ముప్పై ఏళ్ళు గళ్ళు నింపిన చెయ్యి అండి, ఆగుతుందా? ఒక్కసారి నొక్కాను. గడి నల్లబడ్డది. కంకికి ప్రాణం వచ్చింది. మూయబోతే ఒక చిన్న పెట్టె అడ్డం వచ్చి ఏదో అడిగింది. 'వై' తో మొదలైతే ఔను, 'ఎన్' తో మొదలైతే కాదు అని మా పిల్ల ఎప్పుడో చెప్పింది. పెద్దవాళ్ళు ఏదన్నా అడిగితే ఔననాలి అని మా అవ్వ అంతకంటే ముందే చెప్పింది. ఔను అన్నాను.

మళ్ళీ పేర్ల వరస వచ్చింది. 'జొన్నకంకి' పక్కన అంకె మారి ఉంది. పదమూడు. అంతకుముందు ఎంత ఉండెనో నేను చూడనే లేదు గాని, పదమూడు మాత్రం కాదు. కాళ్ళ కింద నేల గుంట మగ్గంలాగా లోపలికి పోయింది. పది లోపల కావాలి, రేపు సారు వస్తాడు, ఫైలు మీద పదమూడు.

ఏదన్నా తప్పు జరిగితే పేరు మీద కుడి పక్క మీట నొక్కి, అన్నిటికన్నా కింద ఉన్న మాట నొక్కాలి, అక్కడ ఫైలు జాతకం ఉంటుంది అని మా పిల్ల చెప్పగా విన్నాను. నొక్కాను. నిజంగానే జాతకం. మూడు తేదీలు. మొదటిది పుట్టింది, రెండోది మారింది, మూడోది ఎవరో చూసింది. పుట్టినది పోయిన నెల, మిగతా రెండూ ఈ రోజు. నాకు భయంలో కూడా అసూయ కలిగింది. ఒక కంకి బొమ్మకు మూడు తేదీలు! నాకు ఒక్కటి లేదు. మా అమ్మకు తెలిసిందల్లా నేను జొన్నలు పాలు పట్టినప్పుడు పుట్టానని. కార్డు చేయించేటప్పుడు తేదీ కావాలంటే మా ఆయన జనవరి ఒకటి అని చెప్పాడు. (ఆయనదీ జనవరి ఒకటే. మా వాడకట్టులో పెద్దవాళ్ళందరం ఒక్కరోజే పుట్టాం, మంత్రసాని ఎట్లా తట్టుకుందో.)

ఆ జాతకం అడుగున రెండు చిన్న గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నేను ఖాళీ గడిని చూసి ఏం చేస్తానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండో గడి నింపాను, తేదీ వెనక్కి పోతుందేమోనని. తేదీ కాదు, ఫైలే పోయింది. పేర్ల వరసలో జొన్నకంకి లేదు. తెర వెనక చూశాను. బల్ల కింద కూడా చూశాను (నవ్వకండి, చూశాను). పిల్లకు ఫోన్ చేశాను. గుళ్ళోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, మోగి మోగి ఆగింది. ఇరవైసార్లు చేసి ఉంటాను. స్వామి దర్శనం ఎంతసేపు చేసుకుందో గాని, మధ్యాహ్నానికి తనే చేసింది.

"ఏమైంది పెద్దమ్మా, ఇన్ని ఫోన్లు? ఇంట్ల మా బాపు మంచిగున్నడా?"

"అందరు మంచిగనే ఉన్నరు బిడ్డా. గీ జొన్నకంకి కనవడ్తలేదు."

"ఎందుకు కనవడదు? నువ్వేం జేసినవ్?"

"ఏం జెయ్యలే. గడి ఖాళీ ఉంటే నింపిన."

అటు పక్క గుడి గంటలు వినబడ్డాయి. తర్వాత పిల్ల నవ్వింది. "అది దాసిపెట్టే గడి పెద్దమ్మా. ఫైలు ఏడికి పోలే, ముసుగేసుకున్నది. ఫికర్ జెయ్యకు, నేను చెప్పినట్టు నొక్కు" అని పైన ఏది నొక్కాలో, ఎక్కడ టిక్కు పెట్టాలో చెప్పింది. నొక్కితే జొన్నకంకి వచ్చింది గాని, పది ఉతుకులు పడ్డ చీరలాగా వెలిసిపోయి వచ్చింది. రెండో గడిలో టిక్కు తీసేశాక మళ్ళీ రంగెక్కింది. "ఇంకేమన్న ముట్టినవా?" అని అడిగింది పిల్ల. "ఇంకేం ముట్టలే" అన్నాను. మొక్కుకోవడానికి పోయిన పిల్లకు గుడి మెట్ల మీద అబద్ధం చెప్పాను. దానికి సీటు పోయిందని ఫోన్లో ఎట్లా చెప్పేది?

అప్పుడు తట్టింది. ఆ మధ్య కంప్యూటర్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ తప్పితే, మా పిల్ల కింద మూలనున్న గడియారం నొక్కి సరిచేసింది. నేను పక్కనే నిలబడి చూశాను. ముందుకు తిప్పగలిగితే వెనక్కీ తిప్పవచ్చు కదా! గడియారం వెనక్కి తిప్పి, ఫైలు తెరిచి, ఒక గడి చెరిపి మళ్ళీ నింపి, పెట్టె అడిగితే ఔనంటే సరి. అయితే ఏ తేదీ వేయాలి? ఊరికే వేస్తే దొరికిపోతాం. అందుకని నోటుబుక్కు తీసి చూశాను. నాలుగో తేదీ మామ పేరు, ఐదు మా పిల్ల పేరు, ఆరు మళ్ళీ మామ. ఇంకొకరు కూర్చున్న రోజు మీద మనం ఎట్లా కూర్చుంటాం? పేజీ అంతా వెతికితే ఒక్క తేదీ ఎవరి పేరూ లేకుండా దొరికింది. ఏడు. బస్సులో ఖాళీ సీటు కనబడగానే కిటికీలోంచి దస్తీ వేసినట్టు, ఆ ఏడో తేదీ మీద జొన్నకంకిని కూర్చోబెట్టాను. తర్వాత గడియారం మళ్ళీ పదమూడుకు తిప్పాను. చెమట తుడుచుకొని చూస్తే ఫైలు పక్కన ఏడు. నా అంత తెలివైనది మా వంశంలో లేదనిపించింది.

మర్నాడు పదకొండు గంటలకు నల్లగొండ బస్సులో సారు దిగాడు. మామ, మా పిల్ల, సారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేను చాయ పళ్ళెంతో వెనక నిలబడ్డాను. సారు ఫైలు చూసి, "ఏడో తేదీ. మంచిది, పదికి లోపలనే ఉంది" అని కాగితం మీద రాసుకోబోయాడు. మా పిల్ల కనుబొమలు కొంచెం ముడుచుకున్నాయి. అద్దాల మామ మాత్రం బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నాడు. ఆయన లెక్క తప్పితే ఊపిరి ఆడని మనిషి.

"జర ఆగు సారూ. ఏడు అంటే బేస్తవారం. బేస్తవారం అమాస గదా."

"అయితే ఏంది?"

"ఏందంటవేంది సారూ! అమాసనాడు మా మగ్గాలు ఆడయ్. ఊళ్ళె ఒక్క మగ్గం సప్పుడు ఇనవడదు. సంఘం తాళంచెవి ఆ రోజు పొద్దుగూకేదాక నా మొలతాడుకే ఉండె. మరి గీ గది ఎవలు తీసిన్రు?"

అన్నాక గాని తను ఎవరి ఫైలు గురించి అన్నాడో ఆయనకు తట్టలేదు. నాలుక కరుచుకున్నాడు. నోటుబుక్కులో ఆ రోజు ఎందుకు ఖాళీగా ఉందో నాకు అప్పుడు అర్థమైంది. మీరు అడగవచ్చు, పుట్టినప్పటి నుంచి ప్రతి అమావాస్యా మగ్గానికి మొక్కి కాళ్ళు చాపుకున్న దానివి, వారం కిందటి అమావాస్య మరిచిపోయావా అని. మరిచిపోలేదు. ఆ రోజు మధ్యాహ్నం కమ్మగా నిద్రపోయిన సంగతి కూడా గుర్తుంది. కాని నా తలలో తిథులు ఒక అరలో, తేదీలు ఇంకో అరలో ఉండేవి. తిథులు మా అవ్వ నేర్పింది, తేదీలు మా పిల్ల ఏడాదిన్నర కింద నేర్పింది. ఆ రెండూ ఒకే రోజుకు ఉన్న రెండు పేర్లని ఎన్నడూ కలిపి చూసుకోలేదు.

సారు కలం మూత పెట్టాడు. "తేదీ మార్చినవా అమ్మా?" అని పిల్లను అడిగాడు.

"లేదు సారూ, ఒట్టు. నేను ఒకటో తారీఖుకే ఖతం జేసిన."

"మరి ఏడు ఎట్లొచ్చింది? మార్చిన ఫైలు నేను తీసుకపోలేను."

పిల్ల నా దిక్కు చూడలేదు. అనుమానం కూడా రాలేదు దానికి. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి. అది చూశాక నేను పళ్ళెం కింద పెట్టాను. "నేనే జేసిన సారూ. పిల్ల గుట్టకు పోయింది. ఒక్క గడి నింపిన, తారీఖు పదమూడయింది. భయానికి వెనకకు తిప్పిన. పిల్లదేం తప్పు లేదు" అన్నాను. సారు నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ఊడ్చే అమ్మవు గదా నువ్వు? నీకు ఇదంతా ఎవరు నేర్పిన్రు?" అన్నాడు. అందులో కోపం కంటే వింత ఎక్కువుంది. కాని తర్వాత తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కాని పది లోపల పూర్తయిందని ఇప్పుడు నేనేం చూసి రాసుకోవాలె?"

చెడగొట్టిన మామే నా దిక్కు తిరిగి మళ్ళీ అందుకున్నాడు. "ఓ పిల్లా, దాని నమూనా కడుతున్నవ్ గదా. చిటికి ఏమైంది?"

నా ఇంటి దండెం మీద నిజం వేలాడుతుంటే నేను ఇక్కడ కూర్చొని గడియారం తిప్పాను చూడండి! పరుగెత్తాను. మా ఆయన వెనకాల నుంచి "ఏడికి ఎత్తుకపోతున్నవే, ఇంక తడి ఆరలే!" అని అరుస్తూనే ఉన్నాడు. నిన్న పొద్దున రంగులో ముంచిన నూలు, కట్లు ఇంకా విప్పలేదు. తెచ్చి బల్ల మీద పరిస్తే సారు చేతికి, మామ అద్దాలకు, జరీ అంచు గుడ్డకు కూడా నీలం రంగు అంటింది.

"ఎన్ని రోజులు కట్టినవ్?" అన్నాడు సారు, ముళ్ళు తడుముతూ.

"పది రోజులు సారూ. మొన్న పన్నెండుకు అయిపోయింది."

మామ వేళ్ళు మళ్ళీ కదిలాయి. "పన్నెండు నుంచి ఎనకకు పది, నడుమ అమాస తీసెయ్యాలె. అంటే రెండో తారీఖు నాడు కాగితం ఈమె చేతుల ఉన్నట్టే. పది రోజుల చిటికిని ఒక్క రోజుల కట్టెటోడు ఈ జిల్లాల ఇంకా పుట్టలే."

సారుకు పని తెలుసు. కంకి తోక దగ్గరి ముడి ఒకటి గోటితో విప్పాడు. నీలం నడుమ తెల్లగా ఒక గింజ మెరిసింది. తెర మీద చూశాడు, అక్కడా ఉంది. "గీ గింజేనా నువ్వు నింపింది?" అన్నాడు. తలూపాను. "మంచిగ నింపినవ్" అన్నాడు. జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, మామతో సంతకం పెట్టించి, ఫైలు తీసుకొని పోయాడు. (ఆ డిజైన్ ఎంపికైందా అంటే అయింది, మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. పిల్ల చదువుకు పోయింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ముచ్చట మర్నాటి పొద్దున దగ్గరే ఆగిపోతుంది.)

సారు పోయాక పిల్ల బల్ల మీది నీలం మరకలన్నీ తుడిచింది. చివరికి, "తారీఖు సంగతి ఇడిసిపెట్టు. గింజ తక్కువైందని కాగితం ఇచ్చిననాడే ఎందుకు చెప్పలే?" అంది.

"సదువుకున్న పిల్లవు, నీకు నేనేం చెప్పాలె అనుకున్న."

"ముప్పై ఏండ్లు కట్టినదానివి, నీకు నేనేం చెప్పాలె?" అని, విసురుగా కంప్యూటర్ దగ్గరికి పోయి జాతకం తెరిచి మొదటి గడిలో టిక్కు పెట్టింది. "గిప్పటి సంది ఇది సదువుకునుడే. రాసుడు లేదు. ఎంతసేపన్న చూడు, గెలకకు."

నలభై ఐదేళ్ళు చదవడమూ లేక, రాయడమూ లేక గడిపిన నాకు అందులో సగం అనుమతి దొరికినట్టే అనిపించింది. కాని మిగతా సగం ఊరుకోనిస్తుందా?

మర్నాడు పొద్దున అందరికంటే ముందు పోయి తాళం తీశాను. ఊడ్చాను, కుండ నింపాను. గుడ్డ మీది నీలం మరక ఉతికినా పోలేదు. కంప్యూటర్ జోలికి పోలేదు. నోటుబుక్కు మేకు నుంచి తీసి నేల మీద కూర్చున్నాను. ముందుగా ఏడో తేదీ పక్కన ఖాళీ జాగాలో 'అమావాస్య' అని రాశాను. తర్వాత పదమూడు దగ్గర నా పేరు పెట్టి, మూలలు తేలిన ఆ అక్షరాలతోనే, 'జొన్నకంకి నేను తెరిచిన. ఒక గింజ తక్కువుంటే పెట్టిన. తేదీ మార్చిన' అని రాశాను. అప్పటిదాకా సంతకం తప్ప నేను సొంతంగా ఏదీ రాయలేదు. నా పేరు దాటి నేను రాసిన మొదటి మాటలు అవే. ఆ నలభై ఆరేళ్ళ చిన్నపిల్ల, కలం కొరుకుతూ, ఇంకా రాయడానికి ఏమన్నా ఉందా అని పేజీలో ఖాళీ గళ్ళ కోసం వెతకడం ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. పక్కన క్యాలెండర్ చూసి, ఆ రోజు తేదీ వేసి, దాని పక్కనే తిథి కూడా వేసి, నోటుబుక్కు మేకుకు తగిలించి, చాయ పెట్టడానికి లేచాను.